ఇంగ్లీషులో ‘ఎంత’, ‘ఎన్ని’ అడగడం: హౌ మచ్, హౌ మెనీ దగ్గర ఎక్కడ తప్పుతోంది?

కావలి కాలవగట్టు అడిగారు:

అందరికీ నమస్తే. కావలి దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతి ఆఫీసు పని మాది. బయటి దేశాల కొనుగోలుదారులతో మెయిళ్లు, ఫోన్లు అన్నీ ఇంగ్లీషులోనే. సరుకు ఎంత కావాలి, బాక్సులు ఎన్ని, కంటైనర్లు ఎన్ని అని రోజూ అడగాల్సిందే. లెక్కపెట్టగలిగితే ‘హౌ మెనీ’, లెక్కపెట్టలేకపోతే ‘హౌ మచ్’ అని బడిలో చెప్పిన సూత్రం మా కుర్రాళ్లందరికీ తెలుసు. ఆ సూత్రం పట్టుకుని రాస్తే కొన్నిచోట్ల సరిపోతోంది, కొన్నిచోట్ల బెడిసికొడుతోంది. రూపాయలు లెక్కపెడతాం కదా, మరి మనీకి ‘హౌ మచ్’ ఎందుకు? మిరపకాయల్ని ఎవరూ లెక్కపెట్టరు కదా, మరి చిల్లీస్‌కి ‘హౌ మెనీ’ ఏమిటి?

మా ఆఫీసులో వాడే వాక్యాలు కింద పెడుతున్నాను. ఏది తప్పో, ఎందుకు తప్పో చెప్పండి.

హౌ మచ్ బాక్సెస్ యు వాంట్?
హౌ మెనీ ఇన్‌ఫర్మేషన్స్ యు నీడ్?
హౌ మచ్ పర్సంటేజ్ గ్లేజింగ్?
హౌ మెనీ కౌంట్ యు వాంట్?
హౌ మెనీ నంబర్స్ ఇన్ వన్ కార్టన్?
మే ఐ నో హౌ మెనీ కంటైనర్స్ ఆర్ దేర్?

సింగరాయకొండ టీచర్:

ముందు ఆ సూత్రాన్నే సరిచేసుకుందాం, సగం తప్పులు అక్కడే పుడుతున్నాయి. లెక్కపెట్టగలమా లేదా అని చూడాల్సింది వస్తువును కాదు, మాటను. ఇంగ్లీషులో ఆ మాటకు బహువచనం ఉందా లేదా అన్నదే పరీక్ష. రూపీకి రూపీస్ ఉంది, కాబట్టి హౌ మెనీ రూపీస్. మామూలు వాడుకలో మనీకి బహువచనం లేదు, కాబట్టి హౌ మచ్ మనీ. జేబులో ఉన్నవి అవే నోట్లు, మాట మారింది కాబట్టి ప్రశ్న మారింది. రైస్‌కి బహువచనం లేదు, గ్రెయిన్‌కి ఉంది. లగేజ్‌కి లేదు, బ్యాగ్‌కి ఉంది. ఫర్నిచర్‌కి లేదు, ఛెయిర్‌కి ఉంది.

మనం ఎక్కువగా తప్పు బహువచనాలు చేసే మాటలు కొన్నే. ఇన్‌ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, మెషినరీ, లగేజ్, ఫర్నిచర్, స్టేషనరీ, అడ్వైస్, ఫీడ్‌బ్యాక్, సాఫ్ట్‌వేర్, హోంవర్క్, ట్రాఫిక్. వీటిలో దేనికీ చివర ‘స్’ పెట్టకూడదు, దేనికీ హౌ మెనీ రాదు. లెక్క కావాల్సి వస్తే ముందు ‘పీసెస్ ఆఫ్’ తగిలించాలి: హౌ మెనీ పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్, హౌ మెనీ పీసెస్ ఆఫ్ లగేజ్. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ప్రోగ్రామ్స్ అనో లైసెన్సెస్ అనో మాట మార్చేస్తే తేలిక. మీ రెండో వాక్యం ‘హౌ మచ్ ఇన్‌ఫర్మేషన్ డు యు నీడ్?’ అవుతుంది. అయితే బయటివాళ్లు అలా అడగడం కంటే ‘వాట్ ఇన్‌ఫర్మేషన్ డు యు నీడ్?’ అనడమే ఎక్కువ, ఎందుకంటే మీకు కావాల్సింది సమాచారం ఎంత అని కాదు, ఏ సమాచారం అని.

స్టాఫ్ ఒకటి వేరే రకం. స్టాఫ్స్ అని మనుషుల్ని ఉద్దేశించి అనకూడదు. కానీ ‘హౌ మెనీ స్టాఫ్ డు యు హావ్?’ అని ‘స్’ లేకుండా అడగడం వాడుకలో ఉంది. సందేహంగా ఉంటే హౌ మెనీ ఎంప్లాయీస్ అనండి, ఏ గొడవా ఉండదు.

ఇక మీ మిరపకాయల ప్రశ్న మంచి ప్రశ్న. చిల్లీస్, పీనట్స్, ఆనియన్స్, లెంటిల్స్ అన్నీ బహువచనం ఉన్న మాటలే. వ్యాకరణం ప్రకారం హౌ మెనీ పీనట్స్ సరైనదే. కానీ అలా అడిగితే వేరుశనగ గింజల్ని ఒక్కొక్కటిగా ఎంచి చెప్పమన్నట్టు వినపడుతుంది. మార్కాపురంలో మిరప కొనేవాడు కాయలు ఎంచడు, క్వింటాళ్లే అడుగుతాడు. ఇంగ్లీషులోనూ అదే పని చెయ్యాలి: హౌ మెనీ టన్స్ ఆఫ్ డ్రై చిల్లీస్, హౌ మెనీ కిలోస్ ఆఫ్ పీనట్స్.

నేను అందరికీ గట్టిగా చెప్పే పద్ధతి ఇదే. ప్రశ్నలో కొలత పెట్టేయండి. కిలోస్, టన్స్, బ్యాగ్స్, బాక్సెస్, లీటర్స్, స్క్వేర్ ఫీట్, ఏదైనా సరే. కొలతల పేర్లన్నిటికీ బహువచనం ఉంటుంది కాబట్టి కొలత వచ్చిన వెంటనే ఎప్పుడూ హౌ మెనీయే. హౌ మచ్ రైస్, కానీ హౌ మెనీ బ్యాగ్స్ ఆఫ్ రైస్. హౌ మచ్ డీజిల్, కానీ హౌ మెనీ లీటర్స్ ఆఫ్ డీజిల్. రెండో లాభం ఇంకా పెద్దది. ‘హౌ మచ్ రైస్ డు యు నీడ్?’ అంటే అవతలివాడు ‘ఫైవ్ హండ్రెడ్’ అని ఊరుకోవచ్చు. 500 బస్తాలా, 500 టన్నులా? 50 కిలోల బస్తా అయితే 500 టన్నులంటే 10,000 బస్తాలు. ప్రశ్నలోనే కొలత ఉంటే జవాబు ఆ కొలతలోనే వస్తుంది.

చీమకుర్తి స్లాబ్:

టీచర్ గారు చెప్పినదానికి ఒకటి కలపాలి. తెలుగులో ‘ఎంత’ అన్నచోటల్లా ఇంగ్లీషులో హౌ మచ్ రాదు. మా గ్రానైట్ లైన్లో ఎక్కువ తప్పులు మచ్, మెనీల మధ్య కావు, ఈ ‘ఎంత’తోనే.

ఆ నామవాచకమే ఒక అంకెకు పేరైతే ‘వాట్’ తో అడగాలి. ధర, రేటు, శాతం, బరువు, ఉష్ణోగ్రత, జనాభా, మొత్తం, వేగం ఇవన్నీ అంకెల పేర్లు. వాట్ ఈజ్ ది ప్రైస్? వాట్ పర్సంటేజ్? వాట్ ఈజ్ ది టెంపరేచర్? వాట్ ఈజ్ ది టోటల్? వీటిలో దేనికీ హౌ మచ్ తగిలించకూడదు. ‘హౌ మచ్ రేట్’, ‘హౌ మచ్ అమౌంట్’, ‘హౌ మచ్ క్వాంటిటీ’ మూడూ మన దగ్గర తెగ వినపడతాయి, మూడూ తప్పే. హౌ మచ్‌లోనే ఆ ‘మొత్తం’ అన్న అర్థం ఉంది, మళ్లీ అమౌంట్ ఎందుకు? ‘హౌ మచ్ డు యు నీడ్?’ అనండి, లేకపోతే ‘వాట్ క్వాంటిటీ డు యు నీడ్?’ అనండి. ఏదో ఒకటి. ర్యాంకు కూడా అంతే, వాట్ ర్యాంక్. మార్కులకి మాత్రం బహువచనం ఉంది కాబట్టి హౌ మెనీ మార్క్స్.

డబ్బు విషయంలో నామవాచకం లేకుండా క్రియతో అడిగితే హౌ మచ్ వస్తుంది: హౌ మచ్ ఈజ్ ఇట్? హౌ మచ్ డజ్ ఇట్ కాస్ట్? కిలో ఎంత అంటే ‘హౌ మచ్ ఈజ్ ఇట్ పర్ కిలో?’ మొత్తం కలిపి ఎంత అంటే ‘హౌ మచ్ డజ్ ఇట్ కమ్ టు?’ ఒక్కోటి ఎంత అంటే ‘హౌ మచ్ ఆర్ దే ఈచ్?’

కొలతల్లో ‘ఎంత’ పక్కన విశేషణం వస్తుంది. ఎంత మందం, హౌ థిక్. ఎంత వెడల్పు, హౌ వైడ్. ఎంత లోతు, హౌ డీప్. ఎంత దూరం, హౌ ఫార్. ఎంతసేపు, ఎన్నాళ్లు, రెండిటికీ హౌ లాంగ్. ‘హౌ మచ్ థిక్‌నెస్’ అని అడిగితే అర్థమవుతుంది గానీ వాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘హౌ థిక్ ఆర్ ది స్లాబ్స్?’ అనండి. జవాబు ‘టూ సెంటీమీటర్స్ థిక్’. దాన్నే పేరు ముందు పెడితే ‘స్’ పోతుంది: టూ సెంటీమీటర్ స్లాబ్స్, ట్వంటీ ఫుట్ కంటైనర్, ఫిఫ్టీ కిలో బ్యాగ్. ‘ట్వంటీ ఫీట్ కంటైనర్’ అని మన దగ్గర అందరూ అంటారు, రాతలో మాత్రం ఫుట్ అనే రాయండి.

మనుషుల దగ్గర ఇంకో తికమక ఉంది. తెలుగులో ‘ఎంతమంది’ అంటాం, అందులో ‘ఎంత’ ఉంది కదా అని హౌ మచ్ పీపుల్ అనేస్తారు. పీపుల్ అంటేనే బహువచనం, చివర ‘స్’ కనపడదంతే. హౌ మెనీ పీపుల్.

గ్రానైట్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక హెచ్చరిక. మనం చదరపు అడుగులో మాట్లాడతాం, యూరప్ వాళ్లు చదరపు మీటరులో. 1 చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు. ‘హౌ మచ్ ఫర్ ది స్లాబ్స్?’ అని వాళ్లడిగితే ‘పర్ స్క్వేర్ ఫుట్’ అన్న ముక్క లేకుండా ఉత్త అంకె చెప్పకండి. పది రెట్లకు పైగా తేడా.

పెన్నా ఆక్వా:

రొయ్యల మాటలకు వద్దాం. కాలవగట్టు గారి వాక్యాల్లో వ్యాపారానికి ప్రమాదకరమైనది నాలుగోదే.

‘హౌ మెనీ కౌంట్’ వ్యాకరణం ప్రకారం తప్పు, కౌంట్ కూడా అంకెకు పేరే కాబట్టి ‘వాట్ కౌంట్ డు యు నీడ్?’ అనాలి. అది సరిచేసినా అసలు చిక్కు మిగిలే ఉంటుంది. మన చెరువు గట్టున 40 కౌంట్ అంటే తలతో సహా కిలోకి 40 రొయ్యలు. అమెరికా కొనుగోలుదారుడు చెప్పే కౌంట్ పౌనుకి. పౌను అంటే 453.6 గ్రాములు. పైగా వాళ్లు ఎక్కువగా తల తీసిన సరుకు గురించి మాట్లాడతారు. వనామీ రకం రొయ్యలో తల తీస్తే బరువులో దాదాపు 65 శాతం మిగులుతుంది. లెక్క వేసి చూడండి: 40 రొయ్యలు తల తీస్తే సుమారు 650 గ్రాములు. అంటే కిలోకి 61 లేదా 62, పౌనుకి దాదాపు 28. మన 40 కౌంట్ వాళ్ల భాషలో 26/30, అంటే పౌనుకి 26 నుంచి 30 రొయ్యలు. కాబట్టి ప్రశ్నలో మూడు ముక్కలు ఉండాల్సిందే: ‘వాట్ కౌంట్ డు యు నీడ్, పర్ కిలో ఆర్ పర్ పౌండ్, హెడ్ ఆన్ ఆర్ హెడ్‌లెస్?’

కౌంట్ పెరిగితే సైజు తగ్గుతుంది, ఇది మనకు కొత్త కాదు. కానీ మెయిల్లో ‘హయ్యర్ కౌంట్’, ‘బిగ్గర్ కౌంట్’ లాంటి మాటలు రాస్తే కొత్త కొనుగోలుదారుడు పెద్ద రొయ్య అనుకునే అవకాశం ఉంది. ‘లార్జర్ ష్రింప్’, ‘స్మాలర్ ష్రింప్’ అని నేరుగా రాసి పక్కన అంకె వెయ్యండి.

ష్రింప్ అన్న మాట అమెరికాలో ఏకవచనమైనా బహువచనమైనా ష్రింపే: హౌ మెనీ ష్రింప్ పర్ పౌండ్. బ్రిటన్ వైపు వాళ్లు ప్రాన్స్ అంటారు: హౌ మెనీ ప్రాన్స్. ఫిష్ కూడా ఇలాంటిదే. చెరువులో ఈదే చేపలు ఎన్ని అంటే హౌ మెనీ ఫిష్, వండే చేప ఎంత అంటే హౌ మచ్ ఫిష్. చికెన్‌కి తేడా ఇంకా స్పష్టం: హౌ మెనీ చికెన్స్ అంటే కోళ్లు, హౌ మచ్ చికెన్ అంటే మాంసం.

అయిదో వాక్యంలో ‘నంబర్స్’ తీసెయ్యండి. 50 నంబర్స్, 50 నోస్ అనేది మన దేశంలో బిల్లుల భాష. బయటివాళ్లకు నంబర్స్ అంటే అంకెలు. ‘హౌ మెనీ పీసెస్ ఆర్ దేర్ ఇన్ వన్ కార్టన్?’ అనండి. కార్టన్ లోపల చిన్న ప్యాకెట్లు ఉంటే ‘హౌ మెనీ ప్యాక్స్ పర్ కార్టన్, అండ్ వాట్ ఈజ్ ది నెట్ వెయిట్ ఆఫ్ ఈచ్ ప్యాక్?’ అని విడగొట్టి అడగండి.

మూడోది ‘వాట్ పర్సంటేజ్ ఆఫ్ గ్లేజ్ డు యు వాంట్?’ అవుతుంది. గ్లేజ్ అంటే గడ్డకట్టించిన రొయ్య మీద వేసే మంచు పూత. ఆ ప్రశ్నతో ఆగకండి. మొత్తం 1 కిలో ప్యాకెట్‌లో 20 శాతం గ్లేజ్ ఉంటే లోపల రొయ్య 800 గ్రాములే. కొందరికి 1 కిలో అంటే మంచుతో కలిపి, కొందరికి మంచు తీసేశాక. వెంటనే రెండో ప్రశ్న వెయ్యాలి: ‘ఈజ్ ద నెట్ వెయిట్ విత్ గ్లేజ్ ఆర్ వితౌట్ గ్లేజ్?’ బేరం కుదిరాక తగువులు వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

సీడ్, ఫీడ్ గురించి కూడా. ఫీడ్‌కి బహువచనం వాడం, హౌ మచ్ ఫీడ్ పర్ డే. చెరువులో వేసే రొయ్య పిల్లల్ని సీడ్ అని మనమంటాం, విత్తనాలేమో అనుకోకుండా పోస్ట్ లార్వే అనండి, అది బహువచనమే: హౌ మెనీ పోస్ట్ లార్వే పర్ స్క్వేర్ మీటర్. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకి 40 వేస్తే ఎకరానికి దాదాపు 1.6 లక్షలు. లక్ష అన్న మాట వాళ్లకు తెలియదు. ‘ఎ హండ్రెడ్ అండ్ సిక్స్టీ థౌజండ్’ అని చెప్పాలి, రాసేటప్పుడు కామా కూడా మారుతుంది: మనకు 1,60,000, వాళ్లకు 160,000. కోటి అంటే టెన్ మిలియన్.

కావలి కాలవగట్టు:

చాలా ఉపయోగపడింది అన్నా, ముఖ్యంగా కౌంట్ లెక్క. టీచర్ గారూ, ఆరో వాక్యం ఎవరూ ముట్టుకోలేదు. ఇంకో రెండు అడగాలి. ఒకటి, ‘వియ్ హావ్ ఫ్యూ కార్టన్స్ రెడీ’ అని మావాళ్లు రాస్తే అవతలి నుంచి ‘వై?’ అని జవాబు వచ్చింది. తప్పేముంది? రెండు, ఫోన్లో థర్టీన్, థర్టీ ఎలా విడదీయాలి?

సింగరాయకొండ టీచర్:

ఫ్యూకి ముందు ‘ఎ’ పోయింది, అర్థం తిరగబడింది. ‘ఎ ఫ్యూ కార్టన్స్’ అంటే కొన్ని కార్టన్లు ఉన్నాయి. ఉత్త ‘ఫ్యూ కార్టన్స్’ అంటే పెద్దగా ఏమీ లేవు, కొరతగా ఉన్నాయి అని. అందుకే ఎందుకని అడిగాడు. బహువచనం లేని మాటల దగ్గర ఇదే తేడా లిటిల్‌తో వస్తుంది: ‘ఎ లిటిల్ టైమ్’ అంటే కాస్త సమయం ఉంది, ‘లిటిల్ టైమ్’ అంటే సమయం లేదనే. తెలుగులో ‘కొన్ని ఉన్నాయి’, ‘ఏవో కొన్నే ఉన్నాయి’ అన్నప్పుడు ‘కొన్నే’ చివరి ‘ఏ’ దీర్ఘం చేసే పనిని ఇంగ్లీషులో ఆ ఒక్క అక్షరం లేకపోవడం చేస్తుంది. వ్యాపార మెయిల్లో రెండూ మానేసి అంకె వేయడం మేలు.

ఇదే కుటుంబంలో ఫ్యూయర్, లెస్ ఉన్నాయి. తక్కువ బాక్సులు అంటే ఫ్యూయర్ బాక్సెస్, తక్కువ బియ్యం అంటే లెస్ రైస్. మాటల్లో ఇంగ్లీషువాళ్లే లెస్ బాక్సెస్ అనేస్తుంటారు, దాన్ని పట్టుకుని ఎవర్నీ తప్పుపట్టక్కర్లేదు. రాతలో ఫ్యూయర్ రాయండి. అలాగే నంబర్ ఆఫ్ బాక్సెస్, అమౌంట్ ఆఫ్ రైస్. ‘అమౌంట్ ఆఫ్ పీపుల్’ అనకండి.

ఆరో వాక్యం, ఫోన్ సంగతి ఒంగోలు వాళ్లు చెబుతారని ఆగాను.

ఒంగోలు స్పోకెన్:

చెబుతాను మేష్టారూ.

మచ్, మెనీ సరిగ్గా పెట్టినా తర్వాత వచ్చే క్రియ దగ్గర మనవాళ్లు జారిపోతారు. మొదటి వాక్యం చూడండి: ‘హౌ మచ్ బాక్సెస్ యు వాంట్?’ మచ్‌ని మెనీ చేసినా వాక్యం ఇంకా కుంటిదే, ‘డు’ లేదు. ‘హౌ మెనీ బాక్సెస్ డు యు వాంట్?’ అనాలి. జరిగిపోయినదానికి డిడ్: ‘హౌ మెనీ బాక్సెస్ డిడ్ యు రిసీవ్?’ డిడ్ వచ్చాక రిసీవ్డ్ అనకూడదు, భూతకాలం డిడ్ లోనే అయిపోయింది.

ఎన్ని అని అడిగిన వస్తువే వాక్యానికి కర్త అయితే డు, డిడ్ ఏదీ రాదు. ‘ఎన్ని బాక్సులు పాడయ్యాయి?’ పాడయినవి బాక్సులే, కాబట్టి ‘హౌ మెనీ బాక్సెస్ గాట్ డ్యామేజ్డ్?’ ‘ఎంతమంది పనివాళ్లు వచ్చారు?’ అంటే ‘హౌ మెనీ వర్కర్స్ కేమ్?’ దీన్ని ‘హౌ మెనీ వర్కర్స్ డిడ్ కేమ్’ చేయడం మన ప్రాంతంలో చాలా మామూలు తప్పు. ‘ఎంతమందిని పంపారు?’ అన్నప్పుడు కర్త మీరు, అప్పుడు డిడ్ వస్తుంది: ‘హౌ మెనీ వర్కర్స్ డిడ్ యు సెండ్?’ తెలుగులో ‘మందిని’ అని ‘ని’ వచ్చిందంటే డిడ్ వస్తుందని గుర్తు పెట్టుకోండి. ‘ఎన్ని బాక్సులు పంపారు’ లాంటి చోట్ల ‘ని’ పైకి కనపడదు, అక్కడ పంపింది ఎవరని అడిగి చూసుకోవాలి.

ఇక మీ ఆరో వాక్యం. ‘మే ఐ నో’, ‘కుడ్ యు టెల్ మీ’, ‘ప్లీజ్ లెట్ మీ నో’ ఇలా మర్యాదగా మొదలుపెట్టాక లోపలి ప్రశ్న మామూలు వాక్యం వరసలోకి మారిపోవాలి. ‘హౌ మెనీ కంటైనర్స్ ఆర్ దేర్?’ ఒక్కటే అయితే సరైనది. ముందు ‘మే ఐ నో’ తగిలిన వెంటనే ‘హౌ మెనీ కంటైనర్స్ దేర్ ఆర్’. ‘హౌ మచ్ డజ్ ఇట్ కాస్ట్?’ అన్నది ‘కుడ్ యు టెల్ మీ హౌ మచ్ ఇట్ కాస్ట్స్?’ అవుతుంది. ‘హౌ మెనీ టన్స్ డు యు నీడ్?’ అన్నది ‘ప్లీజ్ లెట్ మీ నో హౌ మెనీ టన్స్ యు నీడ్’ అవుతుంది, అక్కడ డు ఎగిరిపోతుంది, చివర ప్రశ్న గుర్తు కూడా రాదు. చెవికి మొదట వింతగా ఉంటుంది. రోజూ నాలుగు వాక్యాలు పైకి చదివితే వారంలో పట్టుబడుతుంది.

ఫోన్లో థర్టీన్, థర్టీ తేడా ఒత్తులో ఉంది. థర్టీన్‌లో చివరి ‘టీన్’ సాగదీసి గట్టిగా పలకాలి, థర్టీలో మొదటి ‘థర్’ గట్టిగా, ‘టీ’ పొట్టిగా. ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గరా ఇంతే. లైను బాగాలేనప్పుడు ఒత్తుని నమ్ముకోకండి, అంకెలు విడగొట్టండి: ‘సారీ, ఈజ్ దట్ వన్ త్రీ ఆర్ త్రీ జీరో?’ అని అడగడం అక్కడ ఎవరికీ తప్పుగా అనిపించదు, ఓడరేవుల్లో, విమానాల్లో మాట్లాడేవాళ్లు కూడా అంకెలు విడగొట్టే చెబుతారు. ఫోన్ పెట్టాక అదే అంకెతో ఒక చిన్న మెయిల్ పంపండి.

భిన్నాలు కూడా చెప్పేస్తాను. కిలోన్నర అంటే ‘వన్ అండ్ ఎ హాఫ్ కిలోస్’. ఆ మధ్యలో ‘ఎ’ మింగేసి వన్ అండ్ హాఫ్ అంటాం, చివర కిలో అని ఏకవచనం పెడతాం. రెండూ సరిచేసుకోవాలి. అరకిలో అంటే ‘హాఫ్ ఎ కిలో’. పావుకిలో అంటే ‘ఎ క్వార్టర్ ఆఫ్ ఎ కిలో’, లేదా హాయిగా ‘టూ ఫిఫ్టీ గ్రామ్స్’. మనిషికి రెండేసి అంటే ‘టూ ఈచ్’, టూ టూ అనకూడదు. టూ హండ్రెడ్, త్రీ డజన్, ఫైవ్ థౌజండ్, ఇలా ముందు అంకె ఉంటే వీటికి ‘స్’ రాదు. అంకె లేకుండా వందలకొద్దీ అన్నప్పుడు మాత్రం హండ్రెడ్స్ ఆఫ్.

చీమకుర్తి స్లాబ్:

మన ఊరి కొలతలు ఎవరూ ఎత్తలేదు. నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు. 20 పుట్ల వడ్లు అని చెప్పాలంటే ‘సెవెంటీన్ టన్స్ ఆఫ్ పాడీ’. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి అంకణం 36. 30 అంకణాల స్థలం అంటే నెల్లూరు లెక్కలో 2,160 చదరపు అడుగులు, దాదాపు 200 చదరపు మీటర్లు. సెంటు భూమి గురించి విదేశీయులతో ‘ఫైవ్ సెంట్స్’ అంటే పైసలనుకుంటారు. ఎకరంలో వందో వంతు కాబట్టి ‘జీరో పాయింట్ జీరో ఫైవ్ ఏకర్స్’ అనండి.

టన్ను దగ్గర కూడా జాగ్రత్త. మన టన్ను 1,000 కిలోలు. అమెరికాలో ఉత్త టన్ అంటే 2,000 పౌన్లు, అంటే దాదాపు 907 కిలోలు. ఒప్పందంలో ఎప్పుడూ ‘మెట్రిక్ టన్స్’ అని పూర్తిగా రాయండి. క్వింటాల్ అందరికీ పరిచయం ఉండదు, దాన్ని ‘హండ్రెడ్ కిలోస్’ చేసెయ్యండి.

కావలి కాలవగట్టు:

అందరికీ దండాలు. ఇవన్నీ కలిపి ఒక మెయిల్ రాశాను, పంపే ముందు ఒకసారి చూడండి.

“థ్యాంక్యూ ఫర్ యువర్ ఎంక్వైరీ. కుడ్ యు ప్లీజ్ టెల్ అస్ హౌ మెనీ మెట్రిక్ టన్స్ ఆఫ్ హెడ్‌లెస్ ష్రింప్ డు యు నీడ్, అండ్ వాట్ కౌంట్ పర్ పౌండ్? ప్లీజ్ ఆల్సో లెట్ అస్ నో వాట్ పర్సంటేజ్ ఆఫ్ గ్లేజ్ యు వాంట్, అండ్ హౌ మెనీ ప్యాక్స్ యు వాంట్ ఇన్ ఈచ్ కార్టన్. వియ్ హావ్ ఎ ఫ్యూ కార్టన్స్ రెడీ. హౌ మచ్ టైమ్ ఈజ్ ఓకే ఫర్ షిప్‌మెంట్?”

సింగరాయకొండ టీచర్:

మూడు చోట్ల మార్చండి. ‘కుడ్ యు ప్లీజ్ టెల్ అస్’ తర్వాత ‘డు’ మిగిలిపోయింది, ‘హౌ మెనీ మెట్రిక్ టన్స్ ఆఫ్ హెడ్‌లెస్ ష్రింప్ యు నీడ్’ అనండి. ‘ఎ ఫ్యూ కార్టన్స్’ బదులు ఉన్న అంకె వెయ్యండి. చివరి వాక్యం వ్యాకరణానికి తప్పు కాదు గానీ మీరు అడగాలనుకున్నది తేదీ. ‘బై వాట్ డేట్ డు యు నీడ్ ద షిప్‌మెంట్?’ అని అడగండి, అప్పుడు ఎన్నాళ్లు టైముందో మీరే లెక్కేసుకోవచ్చు.

పెన్నా ఆక్వా:

గ్లేజ్ దగ్గర ‘ప్లీజ్ కన్‌ఫర్మ్ వెదర్ ద నెట్ వెయిట్ ఈజ్ వితౌట్ గ్లేజ్’ అన్న వాక్యం కూడా చేర్చి పంపండి.